ఎడమ కాలి మడత

మా ఆయనకు కాలు బాగా లేదని వీధి వీధంతా తెలుసు. ఎదురుగా టీకొట్టు నడిపే వాడికి తెలుసు, పాలు పోసే ఆవిడకు తెలుసు, మా మెట్ల మీద పడుకునే కుక్కకు కూడా తెలుసు. ఆయన వస్తున్న చప్పుడు వినగానే అది లేచి పక్కకు జరుగుతుంది. తెలియనిదల్లా ఆయనొక్కడికే.

"నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. అంటూనే కుర్చీలోంచి లేవడానికి బల్ల అంచు పట్టుకుంటాడు, పళ్ళు బిగిస్తాడు, లేచాక నేను చూశానేమోనని నా వైపు చూస్తాడు. చూడక ఏం చేస్తాను, నాకు కళ్ళు లేవా?

మాది దర్జీ ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. దుకాణంలో పొడవాటి కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు, నిలువెత్తు అద్దం, ఓ మూల ఇస్త్రీ బల్ల. కొలతలు తీసి గుడ్డ కత్తిరించి కుట్టడం ఆయన పని. కాజాలు, గుండీలు, ప్యాంట్ల కింది మడతలు, ఇస్త్రీ నా పని. ప్యాంటు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. అందరూ మాస్టారూ అని పిలుస్తారు. ఒళ్ళు మండినప్పుడు నేనూ అలాగే పిలుస్తాను. ఈ మధ్య ఎక్కువగా అలాగే పిలుస్తున్నాను.

మొదట మోకాలు నొప్పి అన్నాడు. ఎడమ మోకాలు. రోజంతా నిలబడే పని, మోకాలు నొప్పెట్టక ఏం చేస్తుందిలే అనుకున్నాను. పట్టీ కొన్నాం. వీధి చివరి డాక్టరు నొప్పికి మాత్రలు రాశాడు. వేడినీళ్ళ కాపడం పెట్టాను. ఆయన అక్కగారు, అంటే మా వదిన, కబురు వినగానే నూనె సీసాతో దిగింది.

"మా నాన్నకూ ఇంతే. మోకాళ్ళే మా వంశానికి శత్రువులు. ఈ నూనె రాయి, నాలుగు రోజుల్లో మా తమ్ముడు పరుగెత్తకపోతే నన్నడుగు" అంది.

పరుగెత్తలేదు. వదినను అడిగితే నేను సరిగ్గా రాయలేదంది. ఇల్లంతా నూనె కంపు. ఎవరిదో తెల్లప్యాంటు మీద నూనె మరక పడితే, దాన్ని వదలగొట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. సాక్సులు వేసుకోలేకపోయాడు. కాలు పైకి రాదు, చెయ్యి కిందికి పోదు. "ఈ కంపెనీ వాళ్ళు సాక్సులు ఇరుకు చేశారు" అన్నాడు. సరేనని నేనే తొడిగాను. కాలిగోళ్ళు నేనే తీశాను. స్కూటరు ఎక్కబోతే కాలు అటువైపు దాటలేదు. సీటు ఎత్తు పెరిగిందట. ఎత్తు పెరగడానికి అదేమన్నా మొక్కా? స్కూటరు మీద గుడ్డ కప్పేసి నడవడం మొదలుపెట్టాడు. అడుగడుక్కీ ఒళ్ళంతా ఎడమకు ఒరుగుతుంది. అడిగితే రోడ్డు ఎత్తుపల్లాలన్నాడు. ఇంట్లో గచ్చు కూడా ఎత్తుపల్లాలేనా అంటే, "నీతో మాట్లాడే కంటే మిషనుతో మాట్లాడటం నయం" అని మిషను ముందు కూర్చుని తొక్కాడు. అదీ కుడికాలితో.

ఇక నిద్ర సంగతి. ఇటు తిరిగితే మూలుగు, అటు తిరిగితే మూలుగు. తెల్లారాక ఒళ్ళు విరుచుకుంటూ "హాయిగా పట్టింది నిద్ర" అంటాడు. పక్కనే ఉన్న నాకు పట్టలేదు మరి, నా మొహం చూసైనా తెలుసుకోవాలా వద్దా?

ఇంట్లో ఇలా ఉండగా దుకాణంలో కొత్త తలనొప్పి వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ నడిపే ఆయన మాకు పాత ఖాతాదారు. ఓ పొద్దున కొత్త ప్యాంటు వేసుకునే వచ్చాడు. చీలమండలు రెండూ బయటే ఉన్నాయి.

"మాస్టారూ, దీన్ని వాగు దాటడానికి కుట్టారా, వీధిలో తిరగడానికి కుట్టారా?"

మా ఆయన అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "మీరు పొడుగయ్యారు" అన్నాడు.

"యాభై దాటాక ఎవరైనా పొడుగవుతారా మాస్టారూ!"

"కొందరవుతారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వెనకే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. అందరివీ పొట్టి ప్యాంట్లే. పేరు పోతోందని భయమేసి, చూపు మందగించిందేమోనని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. తిరిగొచ్చాక ఓ రోజు ఇస్త్రీ చేస్తూ ఓరకంట గమనించాను. ఈ మనిషి టేపు నడుము దగ్గర పట్టుకుని మోకాలి దాకా దించాడు, అక్కడ ఆగాడు. కిందికి వంగలేదు. మిగతాది కంటితో చూసి ఓ అంకె చెప్పేశాడు. ఖాతాదారు వెళ్ళేదాకా ఓపిక పట్టి, తలుపు మూసి అడిగాను.

"వంగలేకపోతున్నారు కదూ?"

"నా కంటికొలత గురించి నీకేం తెలుసు?"

"తెలుసు. వాగులు దాటే కొలత."

అలిగి టీకి వెళ్ళిపోయాడు. ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్ళడానికి గోడ పట్టుకుని, గేటు పట్టుకుని, కరెంటు స్తంభం పట్టుకుని వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తుంటే నాకు ఎంత కోపం వచ్చిందో అంత భయమూ వేసింది. ఈ మనిషి బల్ల దగ్గర నిలబడలేని రోజు వస్తే ఏమవుతాడు? కత్తెర పట్టుకుని నిలబడితేనే ఆయన మనిషి. కూర్చోబెడితే రెండు నెలల్లో కుమిలి పోతాడు.

మోకాలు చూపిద్దాం రండి అని బతిమాలి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మోకాలు అన్నాను కాబట్టి వచ్చాడు. డాక్టరమ్మ చిన్నదే, మా పెళ్ళి నాటికి పుట్టి కూడా ఉండదు. ఈయన్ని పడుకోబెట్టి మోకాలు వంచింది, చాపింది. ఈయన కిక్కురుమనలేదు. తర్వాత పాదం పట్టుకుని కాలిని మెల్లగా లోపలికి తిప్పింది.

"అమ్మోయ్!" అని గది అదిరిపోయేలా అరిచాడు.

"నొప్పెక్కడ?"

చెయ్యి గజ్జ మీద పెట్టాడు. ఆవిడ తల ఊపింది. "మీ మోకాలు బంగారంలా ఉంది. జబ్బు తుంటిలో. తుంటి పాడైతే నొప్పి గజ్జలో వస్తుంది, తొడలో వస్తుంది, ఒక్కోసారి మోకాల్లో కూడా వస్తుంది. చాలామంది ఇలాగే మోకాలికి వైద్యం చేసుకుంటూ కూర్చుంటారు."

వదిన నూనెంతా కళ్ళముందు కదిలింది నాకు. సీసాలకు సీసాలు!

ఎక్స్‌రే తీయించి చూపించింది. తొడ ఎముక పైకొస బంతిలా ఉంటుందట, అది గిన్నెలాంటి గుంటలో తిరుగుతుందట. రెండింటి మధ్యా ఉండాల్సిన మెత్తటి పొర ఈయనకు అరిగిపోయి ఎముకకు ఎముక ఒరుసుకుంటోంది. మార్చాలంటే ఆ బంతినీ గిన్నెనూ తీసేసి కొత్తవి అమర్చాలి. ఆపరేషన్ అన్న మాట వినగానే మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి. నేనింకా చేస్తాననలేదు" అంది ఆవిడ. "కీలు అరిగిన వాళ్ళందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ముందు మాత్రలు, వ్యాయామం, చేతికర్ర. వాటితో రోజు గడుస్తుంటే నేను కత్తి పట్టను. అందులో ప్రమాదాలూ ఉంటాయి, ఒకరిద్దరికి చీము పడుతుంది, కీలు జారుతుంది. కానీ మాత్రలు పనిచెయ్యక, నొప్పికి నిద్ర పట్టక, సొంత పనులు కూడా ఆగిపోతుంటే మాత్రం వాయిదా వెయ్యకూడదు. అది ఎక్స్‌రే ఫిల్మ్ చెప్పదు, మీరే చెప్పాలి. నిద్ర పడుతోందా?"

"హాయిగా."

"సాక్సులు?"

"నేనే వేసుకుంటా."

"మెట్లు?"

"రెండేసి ఎక్కుతా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సాక్సులు ఎవరండీ వేసేది, అద్దంలో మీ నీడా?" అన్నాను. ఆవిడ చెయ్యెత్తి, "ఆయన్నే చెప్పనివ్వండమ్మా" అంది. చెప్పేవాడైతే ఇంత దూరం ఎందుకు తెస్తాను తల్లీ! ఈయన ఇలాగే కోతలు కోస్తూ పోతే ఇంకొన్ని మాత్రలు రాసి పంపించేస్తుంది. మళ్ళీ మూలుగులు, మళ్ళీ పొట్టి ప్యాంట్లు, ఎప్పుడో ఓ రోజు బల్ల దగ్గరే కూలబడటం.

"ఒకసారి లేచి తిన్నగా నిలబడండి" అంది ఆవిడ. ఈయన నిలబడ్డాడు, ఫొటో దిగేవాడిలా. ఆవిడ వెనక్కి వెళ్ళి నడుము చూసింది, వంగి పాదాలు చూసింది, మళ్ళీ నడుము చూసింది.

"ఎడమ కాలు పొట్టిదయింది మీకు. నడుము ఆ పక్కకు ఒరిగింది. ఇలా ఒరిగితే ప్యాంటు ఎడమ అంచు నేలకు రాసుకోవాలి. మీకు రెండూ సమానంగా ఉన్నాయి, చక్కగా వాలాయి. ఈ ప్యాంటు ఎవరు కుట్టారు?"

అంతే. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"నేనే" అన్నాడు. "మంచి కన్నమ్మా మీది. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. ఎడమ కాలు ముప్పావు అంగుళం పైకి మడిచాను. మొదట పావు అంగుళం మడిచాను. ఆ వచ్చే చలికాలానికి అర అంగుళం. ఇప్పుడు ముప్పావు. తేడా కనిపించకుండా కుట్టడంలోనే ఉందండీ పనితనం."

తానేమన్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. తేలు కుట్టిన దొంగలా నా వైపు చూశాడు.

కింది మడతలు నా పని అని ముందే చెప్పాను కదా. కొన్నాళ్ళుగా తన ప్యాంట్ల మడతలు మాత్రం తనే వేసుకుంటున్నాడు. "నీ చేతులకు శ్రమెందుకు" అనేవాడు. ఇన్నేళ్ళకు నా మీద జాలి కలిగిందని మురిసిపోయి ఆ రోజు టీలో పంచదార ఓ చెంచా ఎక్కువ వేశాను! అంటే ఈ మనిషికి అంతా తెలుసు. రోడ్డు ఎత్తుపల్లాలనీ సీటు పెరిగిందనీ నాకు కబుర్లు చెబుతూ, తన కాలు ఎంత తగ్గిందో నిలువుటద్దంలో చూసి లెక్కేసుకుంటూ, తగ్గినంతా మడిచేసుకుంటూ కూర్చున్నాడు.

ఆలోచించుకుని రమ్మని డాక్టరమ్మ పంపేసింది. ఇంటికొచ్చాక పెద్ద యుద్ధమే జరిగింది.

"తెలిసీ ఎందుకు నోరు మెదపలేదండీ? నేనేమన్నా పరాయిదాన్నా?"

బల్ల మీద చేతులు ఆనించి చెప్పాడు. "నాకు పని నేర్పిన గురువుగారు ఇలాగే తుంటి పోయి మంచం పట్టాడు. దుకాణంలోనే ఓ మూల మంచం వేశారు. మేం ఇటు కత్తిరిస్తుంటే ఆయన అటు పడుకుని చూసేవాడు. ఒక్కసారి కత్తెర ఇవ్వరా అని అడిగేవాడు. మళ్ళీ లేవలేదే ఆయన. పడుకోబెట్టారంటే నేనూ లేవను."

జాలి చూపిస్తే ఈయన అక్కడే ఆగిపోతాడని నాకు తెలుసు.

"ఆయన పడితే ఎముక విరిగిందని మీరే చెప్పారు ఒకప్పుడు, అది ఏ కాలం నాటి మాట! మీది అరిగింది. మంచం పట్టడానికి మీరు ఆపరేషన్ చేయించుకోనక్కర్లేదు, ఇలాగే ఉంటే చాలు."

"మాత్రలతో గడుస్తోంది."

"గడుస్తోందా? సరే మాస్టారూ. రేపటినుంచి సాక్సులు మీరే వేసుకోండి."

మర్నాడు పొద్దున సాక్సులు ఆయన ఒళ్ళో పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ముందు కాలు ఎత్తాలని చూశాడు. తర్వాత స్టూలు జరిపాడు. తర్వాత చెక్క స్కేలు తీసుకుని, దాని చివర సాక్సు తగిలించి చేపలు పట్టేవాడిలా కిందికి వదిలాడు. బొటనవేలికి తగులుకుంది, జారింది. మళ్ళీ వదిలాడు. నుదుటి మీద చెమటలు. వెళ్ళి తొడిగేయాలని చేతులు లాగుతున్నాయి నాకు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఆఖరికి ముందుకు వంగబోయి స్టూలు మీదనుంచి జారాడు. బల్ల కాలు పట్టుకుని ఆగాడు గానీ అలాగే నేల మీద చతికిలబడ్డాడు. స్కేలు ఎటో పోయింది.

పరుగెత్తి పట్టుకున్నాను. అప్పుడు నేనూ వంగాను కాబట్టి బల్ల కింద చూశాను. గోడ వైపు మూలంతా సుద్దముక్కలే. గుడ్డ మీద గీతలు గీసే సుద్దలు, దాదాపు కొత్తవి. సుద్దలు ఎవరు తింటున్నారని కొన్నాళ్ళుగా నేను అరుస్తూనే ఉన్నాను. కింద పడితే వంగి తీయలేక, కాలితో లోపలికి తోసేసి కొత్తది తీసుకుంటున్నాడన్న మాట.

ఆ సుద్దల్ని ఒక్కొక్కటే బయటికి లాగి ఆయన ఒళ్ళో పెట్టాను.

"డాక్టరమ్మకు చెప్పవే" అన్నాడు. "సాక్సుల సంగతి చెప్పు. నిద్ర సంగతీ చెప్పు."

"నేను చెప్పను. మీ నోటితోనే చెప్పాలి."

చెప్పాడు. డాక్టరమ్మ ముందు మొదలుపెట్టాక ఇక ఆపలేదు. మాత్రలు రాసినదానికి రెట్టింపు మింగుతున్నానన్నాడు. మధ్యాహ్నం దాటాక బల్లకు ఛాతీ ఆనించి కత్తిరిస్తున్నానన్నాడు. ఆవిడ అడ్డు రాకుండా విని, మాత్రలు అలా మింగినందుకు ముందు గట్టిగా చీవాట్లు పెట్టి, రక్తపరీక్షలు చేయించి, "ఇప్పుడు సమయం వచ్చిందండీ" అంది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేముందు ఈయన ఆవిడ్ని ఒక్కటే అడిగాడు. "కత్తిరించే ముందు రెండుసార్లు కొలుస్తారా అమ్మా?" "మూడుసార్లు కొలుస్తాను మాస్టారూ" అంది. ఆ మాటకు ధైర్యం వచ్చింది ఆయనకు. ఇన్నేళ్ళు నేను నెత్తీ నోరూ బాదుకుంటే రానిది!

పడుకోబెడితే లేవనని భయపడ్డాడు కదా. ఆపరేషన్ అయిన మర్నాడే వాకరు చేతికిచ్చి నిలబెట్టారు. "కాసేపు పడుకోనివ్వరేంటే వీళ్ళు!" అని నా మీద విసుక్కున్నాడు. వదిన కూడా వచ్చింది. వస్తూ వస్తూ నూనె సీసా తెచ్చింది. నర్సు లాక్కుని గుమ్మం బయట పెట్టింది. ఆ నర్సును నేను జన్మలో మరిచిపోను.

ఇంటికి పంపుతామన్న రోజు, ఆసుపత్రి గౌనుతో వీధిలోకి రానని పేచీ పెట్టాడు. ప్యాంటు కోసం ఇంటికొచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది, ఉన్నవన్నీ ఎడమ కాలు పొట్టివే. కాళ్ళు ఇప్పుడు సమానమయ్యాయి, ఈ ప్యాంట్లు దేనికి పనికొస్తాయి? మడత లోపల ఎక్కువ గుడ్డ ఉంచితే ఉబ్బెత్తుగా కనిపిస్తుందని, మిగులు కత్తిరించెయ్యమని నన్ను ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. ఈయన మాత్రం కత్తిరించకుండా ఉంటాడా అని తిట్టుకుంటూనే బ్లేడుతో ఎడమ కాలి కుట్టు విప్పాను.

గుడ్డ జారింది. ఒక మడత విప్పితే లోపల ఇంకో మడత. దాన్ని విప్పితే ఇంకోటి. పావు అంగుళానికి ఓ కుట్టు, అరకు ఓ కుట్టు, ముప్పావుకు ఓ కుట్టు. ఒక్క దారం పోగు కూడా కత్తిరించలేదు. ఇస్త్రీ బల్ల మీద పరిస్తే ఎడమ కాలూ కుడి కాలూ ఒక్క పొడవు. రెండో ప్యాంటు విప్పాను, మూడోది విప్పాను. అన్నీ అంతే.

దుకాణంలో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. బాగవుతుందని ఇంత ఆశ పెట్టుకున్న మనిషి ఆ ఆశను తీసుకెళ్ళి ప్యాంటు మడతలో దాచుకోవడమేంటి? ఎదురుగా నేను లేనా?

రెండు కాళ్ళూ సమానంగా మడిచి కుట్టాను. పాత మడతల గీతలు ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా పోలేదు.

ఆసుపత్రిలో ప్యాంటు తొడిగి మంచం అంచున కూర్చోబెట్టాను. ఆయన చూపు తిన్నగా కిందికే పోయింది.

"మడత ఎవరు వేశారు?"

"ఇంకెవరు వేస్తారు? నేనే."

"అయితే లోపల..."

"చూశాను. ఎందుకు ఉంచారండీ?"

కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "కత్తిరిస్తే మళ్ళీ రాదు కదా."

ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచాను. అంతలో డాక్టరు వచ్చి జాగ్రత్తలు చెప్పింది. ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోకూడదు. కాలు మీద కాలు వెయ్యకూడదు. ముందుకు వంగకూడదు. "కాబట్టి కొన్ని వారాల పాటు సాక్సులు, బూట్లు మీరే తొడగాలమ్మా" అని నాతో అని వెళ్ళిపోయింది.

ఇంత గొడవా ఎందుకు పడ్డానండీ నేను? ఏ సాక్సుల కోసం పోట్లాడానో, ఆ సాక్సులు తిరిగి తిరిగి నా చేతికే వచ్చాయి. విసురుగా తీసుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఎడమ పాదం పట్టుకుని తొడిగాను. ఆయన పైనుంచి చూస్తున్నాడు.

"ఈ కంపెనీ వాళ్ళు సాక్సులు ఇరుకు చేశారు" అన్నాడు.

"నోరు మూసుకుని లేవండి మాస్టారూ" అన్నాను.

లేచాడు.